హైస్కూలు విద్యార్థులకు వృత్తి శిక్షణ: పనిముట్టు చేతిలో ఉండే సమయాన్ని లెక్కగట్టి మొదలుపెట్టండి

తరగతిలో 30 మంది విద్యార్థులు, గదిలో 6 కుట్టు మిషన్లు, 40 నిమిషాల పీరియడ్ అనుకోండి. పిల్లలు గదికి చేరి కూర్చోవడానికి, మిషన్లు సిద్ధం చేసుకోవడానికి, చివర్లో దారాలూ ముక్కలూ ఊడ్చి సర్దడానికి కనీసం 10 నిమిషాలు పోతాయి. మిగిలిన 30 నిమిషాలను మిషన్‌కు ఐదుగురు చొప్పున పంచుకుంటే ఒక్కొక్కరికి 6 నిమిషాలు దక్కుతాయి. వారానికి రెండు పీరియడ్ల చొప్పున 30 వారాలు తరగతులు నడిచినా, ఏడాది మొత్తంలో ఒక విద్యార్థి మిషన్ మీద కూర్చునేది 6 గంటలే. టైమ్‌టేబుల్‌లో వృత్తి విద్య ఉంది, గదిలో పరికరాలు ఉన్నాయి, రిజిస్టరులో హాజరు ఉంది. కాని పని నేర్చుకోవడానికి కావలసిన సమయం లేదు.

వృత్తి శిక్షణ ఏర్పాటుకు పూనుకున్న ప్రధానోపాధ్యాయులు, ఆ బాధ్యత అప్పగించబడిన ఉపాధ్యాయులు, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులు తమ ప్రతి నిర్ణయాన్నీ ఈ లెక్కతోనే సరిచూసుకోవాలని ఈ వ్యాసం సూచిస్తుంది. ఏ వృత్తిని ఎంచుకోవాలి, ఎన్ని పరికరాలు కొనాలి, ఎంతమందిని చేర్చుకోవాలి, పరీక్ష ఎలా పెట్టాలి అన్న ప్రశ్నలన్నీ చివరికి ఒక విద్యార్థి చేతిలో పనిముట్టు ఎంతసేపు ఉంటుంది, ఆ సమయంలో పక్కన తెలిసినవారు ఉంటారా లేదా అన్న దగ్గరికే వచ్చి చేరతాయి.

మొదటి దశ: ఉద్దేశాన్ని ఒక పేజీలో రాసుకోండి

పరికరాల జాబితా తయారుచేయడానికి ముందే, శిక్షణ ముగిసేనాటికి విద్యార్థి ఏమి చేయగలగాలో రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి. హైస్కూలు స్థాయిలో వృత్తి శిక్షణకు మూడు రకాల ఉద్దేశాలు ఉండవచ్చు: అనేక పనులను కొద్దికొద్దిగా పరిచయం చేయడం, ఒక వృత్తికి గట్టి పునాది వేయడం, లేదా గుర్తింపు పొందిన సర్టిఫికెట్ పరీక్షకు సిద్ధం చేయడం. మూడింటికీ కావలసిన సమయం, శిక్షకులు, ఖర్చు వేరువేరు కనుక ఒకే కార్యక్రమంతో మూడూ సాధిస్తామని తల్లిదండ్రులకు మాట ఇవ్వకూడదు. చిన్న తరగతులకు పరిచయం, పెద్ద తరగతులకు పునాది అన్న విభజన ఎక్కువ పాఠశాలలకు సరిపోతుంది. పదిహేనేళ్ల విద్యార్థి ఈ శిక్షణతో పూర్తిస్థాయి పనివాడై బయటికి వస్తాడని ఆశించడం అతనికీ ఆ వృత్తికీ అన్యాయమే.

ఈ దశలోనే తేల్చుకోవలసిన మరో విషయం, ఎవరిని చేర్చుకోవాలన్నది. చదువులో వెనుకబడ్డారని ఉపాధ్యాయులు భావించిన పిల్లలనే ఏరి వృత్తి తరగతికి పంపే అలవాటు చాలాచోట్ల ఉంది. ఇది కొత్త సమస్య కాదు. 1917లో అమెరికా ప్రభుత్వం స్మిత్–హ్యూస్ చట్టం ద్వారా పాఠశాలల వృత్తి విద్యకు నిధులు ఇచ్చిన కాలంలోనే, పిల్లలను చిన్న వయసులో రెండు దారులుగా విడదీస్తే ఒక దారి తక్కువదిగా మిగిలిపోతుందని తత్త్వవేత్త జాన్ డ్యూయీ హెచ్చరించాడు. 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీం ఇంకొక అడుగు ముందుకు వేసి, చేతిపనిని చదువు పక్కన కాక చదువు మధ్యలోనే నిలపాలని కోరింది. మీ పాఠశాలలో ఏ సిద్ధాంతాన్ని అనుసరించినా, ప్రవేశం విద్యార్థి ఇష్టం మీద ఆధారపడాలి. మంచి మార్కులు వచ్చే పిల్లలు కూడా అందులో కనిపించాలి. అలా లేకపోతే మొదటి ఏడాదికే ఆ గదికి ఒక ముద్ర పడుతుంది, ఆ తరువాత ఎన్ని మిషన్లు తెచ్చినా ఆ ముద్ర పోదు.

రెండో దశ: వృత్తిని ఎంచుకునే ముందు పనిచోట్లకు వెళ్లండి

వృత్తిని ఎంచుకోవడంలో సాధారణంగా జరిగే తప్పు, ఎవరైనా దానంగా ఇచ్చిన పరికరాలను బట్టి కోర్సును నిర్ణయించడం. పరికరం ఉచితమే కావచ్చు. దాన్ని నేర్పేవారు, దానికి కావలసిన ముడిసరుకు, మరమ్మతు ఉచితం కావు. అందుకే ముందుగా పాఠశాలకు అందుబాటు దూరంలో ఉన్న పనిచోట్లకు స్వయంగా వెళ్లి, యజమానులతోనూ అక్కడ పనిచేసేవారితోనూ విడివిడిగా మాట్లాడండి. "మీకు మనుషులు కావాలా?" అని అడిగితే మర్యాద కోసం కావాలనే చెబుతారు. దానికి బదులు, కొత్తగా చేరినవారికి మొదటి వారం ఏ పని అప్పగిస్తారు, ఏ పొరపాటు వల్ల ఎక్కువ సరుకు పాడవుతుంది, ఏ యంత్రాన్ని ఏడాది దాటేదాకా ముట్టుకోనివ్వరు అని అడగండి. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబే మీ పాఠ్యప్రణాళికకు మొదటి అధ్యాయం అవుతుంది, రెండోది మీ మూల్యాంకనానికి ఆధారం, మూడోది మీ భద్రతా నియమాలకు మొదలు.

ఆ తరువాత ప్రతి వృత్తినీ నాలుగు విధాలుగా పరీక్షించండి. ఆ పనితో జీవనం సాగిస్తూ, పిల్లలకు నేర్పడానికి ఒప్పుకునే వ్యక్తి దొరుకుతారా? ఒక విద్యార్థి తప్పు చేసి, పాడుచేసి, మళ్లీ చేయడానికి కావలసిన ముడిసరుకు ఖర్చును పాఠశాల భరించగలదా? 18 ఏళ్లలోపు వారితో చేయించకూడని ప్రమాదం ఆ పని మూలంలోనే ఉందా? ఆ వృత్తిలో పై చదువుకు, పై శిక్షణకు దారి ఉందా? నాలుగింటిలో మొదటిది లేకపోతే మిగిలిన మూడూ ఎంత బాగున్నా ఆ వృత్తిని పక్కన పెట్టడమే మంచిది.

కుట్టుపని అమ్మాయిలకు, విద్యుత్ పని అబ్బాయిలకు అన్న పంపకాన్ని ప్రవేశ పత్రంలోనే నివారించవచ్చు. ఒకటికి మించి వృత్తులు నేర్పే పాఠశాలలో మొదటి నెల అందరికీ అన్ని విభాగాలనూ రుచి చూపించి, ఆ తరువాతే ఎంపిక రాయించుకుంటే పిల్లలు చాలావరకు తమ ఇష్టాన్ని తామే తెలుసుకుంటారు.

మూడో దశ: పనిని ముక్కలుగా విడగొట్టి వరుసలో పెట్టండి

ఒక వృత్తిని తరగతి గదిలో నేర్పడం ఎలా అన్న ప్రశ్నకు 19వ శతాబ్దంలో రెండు భిన్నమైన సమాధానాలు వచ్చాయి. మాస్కోలోని ఇంపీరియల్ సాంకేతిక పాఠశాలలో విక్టర్ డెల్లా వోస్ 1868లో ఒక పద్ధతిని ప్రవేశపెట్టాడు. కొలవడం, కోయడం, రంపం పట్టడం, అతకడం అంటూ పనిని మూల నైపుణ్యాలుగా విడగొట్టి, తేలిక నుంచి కష్టానికి వరుసగా అభ్యాసాలు చేయించడం దాని సారాంశం. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రదర్శన తరువాత ఈ పద్ధతి అమెరికాకు కూడా పాకింది. దాదాపు అదే కాలంలో ఫిన్లండ్‌లో ఉనో సిగ్నేయస్, స్వీడన్‌లోని నాస్‌లో ఒట్టో సాలమన్ అభివృద్ధి చేసిన స్లాయిడ్ పద్ధతి మరో వాదాన్ని ముందుకు తెచ్చింది. విద్యార్థి ఎందుకూ పనికిరాని అతుకుల ముక్కలు చేయకూడదనీ, మొదటి రోజు నుంచే ఇంట్లో వాడుకోగల పూర్తి వస్తువును తయారుచేయాలనీ దాని పట్టుదల. 1866 నుంచి ఫిన్లండ్ పాఠశాలల్లో చేతిపని తప్పనిసరి పాఠ్యాంశమైంది.

మొదటి పద్ధతిలో నైపుణ్యం కచ్చితంగా వస్తుంది కాని పిల్లలకు విసుగు కూడా వస్తుంది; రెండో పద్ధతిలో ఉత్సాహం నిలుస్తుంది కాని పునాది లోపాలు మిగిలిపోవచ్చు. రెండింటినీ కలపడమే హైస్కూలుకు తగిన మార్గం: కొన్ని అభ్యాసాలు, వెంటనే ఆ అభ్యాసాలే అవసరమయ్యే ఒక చిన్న వస్తువు, ఆపై మరికొన్ని అభ్యాసాలు, కొంచెం పెద్ద వస్తువు.

కుట్టుపనినే ఉదాహరణగా తీసుకుందాం. మొదట దారం ఎక్కించకుండా, గీతలు గీసిన కాగితం మీద మిషన్ నడిపించాలి. సూది చేసిన చిల్లులు గీత మీద ఉన్నాయో లేదో విద్యార్థికి తానే కనిపిస్తుంది, గుడ్డ గాని దారం గాని వృథా కాదు. నేరు గీతలు కుదిరాక మూలలు, అంటే సూదిని కిందికి దించి, గుడ్డను నొక్కి పట్టే మిషన్ పాదాన్ని ఎత్తి, కాగితాన్ని తిప్పి మళ్లీ మొదలుపెట్టడం. మూలల తరువాత వంపులు. అప్పుడు పై దారం, బాబిన్ దారం ఎక్కించడం, పాతగుడ్డ మీద కుట్టు బిగువు సరిచూడడం. ఇవన్నీ వచ్చిన విద్యార్థి చేతికి చేతిసంచికి సరిపడే గుడ్డ ఇస్తే, కొలత, కత్తిరింపు, నేరు కుట్టు, మూల, అంచు మడత అన్నీ ఒకే వస్తువులో అవసరమవుతాయి.

ఇలా ప్రతి పనికీ ఒక కాగితం తయారుచేయండి. అందులో పని పేరు, కావలసిన పనిముట్లు, మెట్లు, జాగ్రత్తలు, చివరగా "సరిగా చేసినట్టు" అంటే ఏమిటో కొలతతో సహా ఉండాలి. "చక్కగా కుట్టాలి" అన్నది కొలత కాదు; "అంచు నుంచి 1 సెంటీమీటరు దూరంలో కుట్టు సాగాలి, ఎక్కడా 2 మిల్లీమీటర్లకు మించి పక్కకు జరగకూడదు, రెండు చివరలా వెనక్కి కుట్టి ముడి వేసి ఉండాలి" అన్నది కొలత. ఈ కాగితాలు రాయడానికి వృత్తి తెలిసిన వ్యక్తితో పాటు భాష మీద పట్టున్న ఉపాధ్యాయులొకరు కూర్చోవాలి, ఎందుకంటే చేయి తిరిగిన పనివారు తాము చేసే పనిలో సగం మెట్లను గమనించకుండానే చేసేస్తారు.

నాలుగో దశ: శిక్షకుడికి తోడు ఉపాధ్యాయుడు

పని బాగా వచ్చినవారికి నేర్పడం వచ్చి ఉండనవసరం లేదు. నేర్పడం వచ్చిన ఉపాధ్యాయులకు ఆ పని రాకపోవచ్చు. ఇద్దరినీ జంటగా నియమించడం ఖర్చుగా కనిపించినా, విడివిడిగా పెట్టి విఫలమవడం కంటే అది చౌకే. శిక్షకుడు పని చూపిస్తాడు, ఉపాధ్యాయుడు తరగతిని నడుపుతాడు, హాజరు, మూల్యాంకన పత్రాలు, లెక్కలు చూసుకుంటాడు.

శిక్షకుడికి తొలి తరగతికి ముందే ఒక పూట నేర్పే పద్ధతి మీద తర్ఫీదు ఇవ్వాలి. 1940లో అమెరికాలో యుద్ధ పరిశ్రమల కోసం ఏర్పాటైన పరిశ్రమల అంతర్గత శిక్షణ కార్యక్రమం ప్రచారంలోకి తెచ్చిన నాలుగు మెట్ల పద్ధతి ఇప్పటికీ ఇందుకు ఉపయోగపడుతుంది. మొదటి మెట్టు నేర్చుకునేవారిని సిద్ధం చేయడం, అంటే వారికి ఇప్పటికే ఏమి తెలుసో కనుక్కొని, పని కనబడే చోట నిలబెట్టడం. రెండోది ఒక్కో మెట్టునూ చెబుతూ, చేసి చూపుతూ, ముఖ్యమైన చోట ఆగడం. మూడోది విద్యార్థి చేత చేయించి, చేస్తున్నప్పుడు తాను ఏమి చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో అతని నోటనే చెప్పించడం. నాలుగోది ఒంటరిగా పనికి వదిలి, తరచూ వచ్చి చూస్తూ, క్రమంగా ఆ రాకను తగ్గించడం. ఎక్కువమంది శిక్షకులు రెండో మెట్టు దగ్గరే గంటసేపు గడిపేస్తారు. మూడో మెట్టుకు వచ్చేసరికి గంట కొడతారు. ఒకే పని ప్రదర్శనకు 10 నిమిషాలు మించకూడదన్న నియమం పెట్టుకుంటే ఈ సమస్య చాలావరకు తీరుతుంది.

బయటి వ్యక్తి పిల్లలతో గంటల కొద్దీ గడపబోతున్నాడు కనుక, నియామకానికి ముందు అతని గత పనిచోట్ల విచారించడం, పిల్లల రక్షణ నియమాలను వివరించి సంతకం తీసుకోవడం, తలుపులు మూసిన గదిలో ఒక్క విద్యార్థితో ఉండకూడదన్న నిబంధన విధించడం తప్పనిసరి. చెల్లింపు ఎప్పుడు, ఎవరి ద్వారా జరుగుతుందో కూడా ముందే కాగితం మీద పెట్టండి. జీతం నెలల తరబడి అందని శిక్షకుడు ఏడాది మధ్యలో వెళ్లిపోతే విద్యార్థులకు పోయిన కాలం తిరిగి రాదు.

ఐదో దశ: టైమ్‌టేబుల్, జట్లు

మొదట వేసిన లెక్కకు తిరిగి వద్దాం. అదే 30 మందిని 15 మంది చొప్పున రెండు జట్లు చేసి, ఒక్కో జట్టుకు వారానికి ఒకసారి 120 నిమిషాలు వరుసగా ఇచ్చామనుకోండి. సిద్ధం చేయడానికి, సర్దడానికి 20 నిమిషాలు తీసేసినా 100 నిమిషాలు ఉంటాయి. 15 మందికి 6 మిషన్లంటే ఒక్కొక్కరికి 40 నిమిషాలు; 30 వారాలకు 20 గంటలు. విద్యార్థి టైమ్‌టేబుల్‌లో వారానికి 80 నిమిషాలు 120 అయ్యాయి, అంటే ఒకటిన్నర రెట్లు. మిషన్ మీద గడిపే సమయం మాత్రం మూడు రెట్లు దాటింది. కొత్తగా ఒక్క మిషన్ కూడా కొనలేదు. శిక్షకుడికి మాత్రం వారానికి 120 నిమిషాల తరగతులు రెండు ఉంటాయి, ఆ మేరకు చెల్లింపు పెరుగుతుంది. డబ్బు ఖర్చు పెట్టవలసింది ముందుగా అక్కడే.

మిషన్ దగ్గర లేనప్పుడు మిగిలినవారు ఏమి చేస్తారన్నది ముందే నిర్ణయించాలి. కొలతలు తీసుకోవడం, కాగితం మీద నమూనా గీయడం, గుడ్డ కత్తిరించడం, చేతికుట్టు, పాడైన ముక్కను విప్పి తప్పు ఎక్కడ జరిగిందో రాయడం, ముడిసరుకు ఖర్చు కట్టడం వంటివన్నీ చేతిపనిలో భాగాలే. గణితం ఉపాధ్యాయులు ఈ గంటల్లో ఒకసారి వచ్చి చూస్తే తమ పాఠానికి కావలసిన ఉదాహరణలు అక్కడ కుప్పలుగా దొరుకుతాయి.

వృత్తి శిక్షణను బడి గంటల తరువాతకు గాని, సెలవు రోజులకు గాని నెట్టకండి. ఇంటి పనులు ఉన్న పిల్లలు, దూరం నుంచి వచ్చేవారు, ముఖ్యంగా చీకటి పడేలోపు ఇల్లు చేరవలసినవారు మొదట మానేస్తారు. పరీక్షల ముందు ఈ పీరియడ్లను ఇతర సబ్జెక్టులకు ఇచ్చేయకూడదని ఏడాది మొదట్లోనే ఉపాధ్యాయుల సమావేశంలో తీర్మానం చేయించుకోవడం మంచిది; ఆ ఒత్తిడి తప్పకుండా వస్తుంది.

ఆరో దశ: గది, పరికరాలు, ముడిసరుకు

చేతి పనిముట్లు ముందు, కరెంటుతో నడిచేవి తరువాత కొనండి. ఖరీదైన ఒక్క యంత్రం కంటే అందరికీ అందే పది సాధారణ పనిముట్లు ఎక్కువ నేర్పుతాయి. బడ్జెట్‌లో పరికరాలకు ఒకసారి డబ్బు కేటాయించి ముడిసరుకును మరచిపోతే, రెండో ఏట గదికి తాళం పడుతుంది. కాబట్టి ఒక్కో విద్యార్థికి ఏడాదికి కావలసిన ముడిసరుకును, పాడయ్యే భాగంతో సహా, లెక్కగట్టి ప్రతి ఏటా విడిగా కేటాయించాలి. గోడ మీద పలక పెట్టి, ప్రతి పనిముట్టు ఆకారాన్ని దాని మీద గీసి అక్కడే తగిలిస్తే, గంట ముగిసేసరికి ఏది తిరిగి రాలేదో ఒక్క చూపులో తెలుస్తుంది.

ఏడో దశ: భద్రత

ఈ విషయంలో తొందర పనికిరాదు. ప్రమాదాన్ని తగ్గించే మార్గాలకు ఒక వరుస ఉంది: ప్రమాదకరమైన పనిని పూర్తిగా మానేయడం మొదటిది, తక్కువ ప్రమాదమున్న పదార్థాన్ని గాని పద్ధతిని గాని వాడడం రెండోది, యంత్రానికి రక్షణ కవచం, గాలి పోయే ఏర్పాటు వంటివి మూడోది, నియమాలు, శిక్షణ నాలుగోది, కళ్లద్దాలు, చేతి తొడుగుల వంటివి చివరిది. పాఠశాలలు సాధారణంగా చివరిదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాయి.

విద్యుత్ పరికరాలు ఉన్న ప్రతి గదికీ సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి కరెంటును తెంచే ఆర్‌సీసీబీ, శిక్షకుడి చేతికి అందే చోట మొత్తం గదిని ఆపే స్విచ్ ఉండాలి. అయితే ఆర్‌సీసీబీ ఉంది కదా అని ధీమా పడకూడదు: ఎర్త్‌తో సంబంధం లేకుండా ఫేజ్, న్యూట్రల్ తీగలను రెండింటినీ ఒకేసారి పట్టుకున్నవారిని అది కాపాడలేదు. కనుక విద్యార్థుల వైరింగ్ అభ్యాసాలన్నీ కరెంటు లేని బోర్డు మీదనే జరగాలి. శిక్షకుడు పరీక్షించిన తరువాత, ఆయన సమక్షంలో మాత్రమే సరఫరా ఇవ్వాలి.

డ్రిల్లు వంటి తిరిగే యంత్రాల దగ్గర చేతి తొడుగులు రక్షణ కావు, ప్రమాదం; తిరుగుతున్న బిట్టు తొడుగును పట్టుకుంటే వేలిని కూడా లాక్కుపోతుంది. జుట్టు ముడి వేసుకోవాలి, వేలాడే దుస్తులు, గొలుసులు, గాజులు ఉండకూడదు, కళ్లద్దాలు తప్పనిసరి. సోల్డరింగ్‌లో వచ్చే పొగ ప్రధానంగా లోహం బాగా అతుక్కోవడానికి వాడే ఫ్లక్స్‌ది, అది ఉబ్బసాన్ని రేపగలదు; సీసం కలిసిన సోల్డరు వాడితే దాని నుంచి ప్రమాదం చేతుల ద్వారా నోటికి చేరడం వల్ల వస్తుంది. అందుకే పొగను పక్కకు లాగే ఫ్యానూ, పని తరువాత సబ్బుతో చేతులు కడగడమూ రెండూ కావాలి, ఆ గదిలో తినడం నిషేధించాలి. ఆర్క్ వెల్డింగ్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు వెల్డింగ్ చేసేవారి కళ్లనే కాదు, దూరంగా నిలబడి చూసేవారి కళ్లను కూడా దెబ్బతీస్తాయి కనుక హైస్కూలు స్థాయిలో దాన్ని చేయించకపోవడమే మేలని నా అభిప్రాయం. సౌందర్య సేవల కోర్సుల్లో జుట్టు రంగును చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అందులోని పీపీడీ అనే రసాయనం కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది, అందుకే చర్మం మీద కొద్దిగా రాసి 48 గంటలు వేచి చూసే పరీక్ష లేకుండా ఎవరి మీదా ప్రయోగించకూడదు.

చప్పుడు సంగతి కూడా గమనించండి. రోజుకు 8 గంటల పనికి 85 డెసిబెళ్లు పరిమితిగా వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. ఆ పైన ప్రతి 3 డెసిబెళ్లకూ అనుమతించదగిన సమయం సగానికి తగ్గుతుంది. కొలిచే పరికరం లేకపోతే, చేయి చాచినంత దూరంలో ఉన్నవారితో మాట్లాడడానికి గొంతు పెంచవలసి వస్తే ఆ చప్పుడు ఎక్కువేనని గుర్తు.

ప్రథమ చికిత్స పెట్టె గదిలోనే ఉండాలి, దాన్ని వాడడం తెలిసినవారు ప్రతి గంటలోనూ హాజరు కావాలి. కాలిన గాయం మీద వెన్న, టూత్‌పేస్టు, మంచుగడ్డ పెట్టకుండా, 20 నిమిషాల పాటు పారే చల్లని నీటి కింద ఉంచాలన్నది విద్యార్థులందరికీ తెలిసి ఉండాలి. గాయం కాకుండా తప్పిపోయిన ప్రమాదాలను కూడా ఒక పుస్తకంలో రాయించండి, రాసినవారిని మందలించకండి. అసలు ప్రమాదం జరగడానికి ముందు ఆ పుస్తకంలో దాని జాడలు తరచూ కనిపిస్తాయి.

ఎనిమిదో దశ: పనిచోటుకు పంపేటప్పుడు

పాఠశాల గదిలో ఎంత నేర్పినా, వినియోగదారుడు ఎదురుగా నిలబడి తొందరపెట్టే అనుభవం అక్కడ దొరకదు. అందుకే కొన్ని రోజులైనా విద్యార్థులను నిజమైన పనిచోటుకు పంపాలి. కాని శిక్షణ పేరుతో ఉచిత కూలీలను అందించడం ఎంత సులభమో గుర్తుంచుకోవాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973 నాటి 138వ ఒప్పందం, విద్యలో భాగంగా పాఠశాలలో చేసే పనికి కనీస వయసు నియమం నుంచి మినహాయింపు ఇస్తుంది. సంస్థల్లో చేసే పనికి మాత్రం విద్యార్థికి కనీసం 14 ఏళ్లు ఉండాలనీ, ఆ పని శిక్షణ కార్యక్రమంలో విడదీయరాని భాగమై ఉండాలనీ, అధికారులు నిర్ణయించిన షరతుల ప్రకారం జరగాలనీ అడుగుతుంది. పిల్లలతో చేయించే అత్యంత హీనమైన పనులను నిషేధించే 1999 నాటి 182వ ఒప్పందాన్ని 2020 నాటికి ఆ సంస్థ సభ్య దేశాలన్నీ ఆమోదించాయి. మీ దేశ చట్టం ఇంతకంటే కఠినంగా ఉంటే దాన్నే పాటించాలి. అందుకే ఒప్పందం కుదుర్చుకునే ముందు కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.

యజమానితో రాసుకునే ఒప్పందంలో విద్యార్థి నేర్చుకోవలసిన పనుల జాబితా, ముట్టుకోకూడని యంత్రాల జాబితా, రోజుకు గంటలు, విశ్రాంతి సమయం, పర్యవేక్షకుడి పేరు, ప్రయాణ ఏర్పాటు, ప్రమాదం జరిగితే వైద్యఖర్చు ఎవరిది అన్న అంశాలు స్పష్టంగా ఉండాలి. ఊడ్చడం, టీలు అందించడం ఆ జాబితాలో లేవు కదా అని విద్యార్థి అడగగలగాలి. అతని తరఫున అడగడానికి పాఠశాల నుంచి ఒక ఉపాధ్యాయుడు వారానికి ఒకసారైనా ముందుగా చెప్పకుండా వెళ్లి చూడాలి. ఒంటరిగా ఏ విద్యార్థినీ పంపకండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లేలా చూడండి. ఇబ్బంది ఎదురైతే ఎవరికి చెప్పాలో, చెప్పినందుకు మార్కులు తగ్గవని కూడా వారికి ముందే తెలియాలి.

ప్రతి రోజూ ఒక పేజీ డైరీ రాయించండి: ఏ పని చూశాను, ఏ పని చేశాను, ఏది కుదరలేదు. "చూశాను" కింద పేజీలు నిండి "చేశాను" కింద ఖాళీగా ఉంటే ఆ పనిచోటును మార్చవలసిన సమయం వచ్చినట్టే.

తొమ్మిదో దశ: చేసిన పనికే మార్కులు

వృత్తి విద్య పరీక్షను ప్రశ్నపత్రంతో ముగించడం సౌకర్యంగా ఉంటుంది కాబట్టే చాలాచోట్ల అలా జరుగుతుంది. మూడో దశలో తయారైన పని కాగితాలే ఇక్కడ మూల్యాంకన పత్రాలు కావాలి. ప్రతి మెట్టుకూ "చేశాడు, ఇంకా చేయాలి" అన్న రెండే గడులు పెట్టి, విద్యార్థి పని చేస్తుండగా చూస్తూ గుర్తు పెట్టాలి. తయారైన వస్తువును మాత్రమే చూస్తే దాన్ని ఎవరు చేశారో, ఎంత ప్రమాదకరంగా చేశారో తెలియదు. ఒకసారి కుదిరింది నైపుణ్యం కాదు కనుక, వేరువేరు రోజుల్లో మూడుసార్లు సరిగా చేసినప్పుడే ఆ పని వచ్చినట్టు నమోదు చేయండి. "ఇంకా చేయాలి" అని పడినవారికి మళ్లీ ప్రయత్నించే అవకాశం ఏడాది పొడవునా ఉండాలి.

ఒక్క చిన్న పరీక్షను ప్రత్యేకంగా సూచిస్తాను. పాడైన ఒక వస్తువును విద్యార్థి ముందు పెట్టి, తప్పు ఎక్కడ జరిగింది, ఎలా సరిచేస్తావు అని అడగండి. బట్టీపట్టినవారు అక్కడ తడబడతారు, చేతితో నేర్చుకున్నవారు వస్తువును తీసుకొని తిప్పి చూడడం మొదలుపెడతారు. చివరి మూల్యాంకనానికి ఆ వృత్తిలో ఉన్న బయటి వ్యక్తిని పిలవండి. సర్టిఫికెట్ మీద కోర్సు పేరుతో పాటు విద్యార్థి స్వయంగా చేయగల పనుల జాబితాను ముద్రించండి. పనిచోటు యజమానికి ఉపయోగపడేది ఆ జాబితాయే.

పదో దశ: తల్లిదండ్రులు, ఆపై ఏడాది

తల్లిదండ్రుల అనుమానం సాధారణంగా ఒక్కటే: ఈ గంటలు పోతే మా పిల్లల చదువు ఏమవుతుంది? ఉపన్యాసంతో దీనికి జవాబు చెప్పలేరు. మొదటి రెండు నెలలు గడిచాక వారిని గదికి పిలిచి, పిల్లల చేతనే పని చేయించి చూపండి, కొలతల పుస్తకంలో ఉన్న గణితాన్ని కూడా చూపండి. ఆ తరువాత ఈ కోర్సు నుంచి ఏ పై చదువులకు వెళ్లవచ్చో, దేనికి వెళ్లలేరో రెండూ నిజాయతీగా చెప్పాలి. వైకల్యం ఉన్న పిల్లలను మీకు తోచిన "తేలిక" పనికి కేటాయించకుండా, బల్ల ఎత్తు మార్చడం, పెడల్ బదులు చేతి మీట అమర్చడం, వినలేని వారికి మెట్లను బొమ్మలుగా గీయడం వంటి మార్పులతో వారు కోరిన పనిలోనే కూర్చోబెట్టే ప్రయత్నం ముందు చేయండి.

మొదటి ఏడాది ఒకే వృత్తి, ఒకటి రెండు జట్లు చాలు. ఏడాది చివర సమీక్షలో చేరినవారి సంఖ్య కంటే, ఒక్కో విద్యార్థికి దక్కిన చేతి సమయం, మధ్యలో మానేసినవారు చెప్పిన కారణాలు, రద్దయిన తరగతులు, మిగిలిన ముడిసరుకు ముఖ్యం. రద్దయిన తరగతుల కారణాలను విడివిడిగా రాసి చూడండి: కరెంటు లేకనా, శిక్షకుడు రాకనా, వేరే సబ్జెక్టు తీసుకుందా. రెండో ఏడాది వృత్తిని విస్తరించాలా, ఉన్నదాన్నే సరిచేయాలా అన్నది ఆ జాబితా చెబుతుంది. సెలవులకు ముందు మిషన్లకు నూనె వేసి, ప్లగ్గులు తీసి, కప్పి, పనిముట్లను స్టాక్ రిజిస్టరుతో సరిచూసి, పని కాగితాలను, తప్పిపోయిన ప్రమాదాల పుస్తకాన్ని, మరమ్మతు చేసేవారి చిరునామాను ఒకే ఫైలులో పెట్టి, వచ్చే ఏడాది బాధ్యత తీసుకునేవారికి సంతకంతో అప్పగించండి.